ఇంటిపేరు లేని సీసాలు

బోర్డో ఎర్ర వైను కొనడం గురించి వ్యాసం రాస్తున్నానని చెప్పగానే నా స్నేహితురాలు, తనూ అధ్యాపకురాలే, "సారా ఉద్యమం మీద నువ్వు రాసింది నేను ఎమ్మే పిల్లలచేత చదివిస్తున్నానే! ఇప్పుడిదేంటి?" అంది. ఆమె ప్రశ్నలో న్యాయముంది. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి అదే ప్రశ్న వస్తుంది. అందుకే ముందు దాని సంగతి చూసి ఆ తర్వాత వైను దగ్గరికి వెళ్తాను.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో తమ ఊరి సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో కలుసుకున్న కూలి స్త్రీలు అక్కడ మాట్లాడుకున్నదాన్ని ఊళ్లో చేసి చూపించారు. 1992 నాటికి అది జిల్లా దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని ప్రభుత్వమే ఎత్తేసింది. మగవాడి కూలి ఇల్లు చేరకముందే దుకాణం చేరడం, తాగొచ్చి కొట్టే చెయ్యి, వేలంపాటల డబ్బుతో నిండే ఖజానా, ఈ మూడింటి మీదా ఆ ఆడవాళ్లు తిరగబడ్డారు. మా ఊళ్లోకి ఏం రావాలో, ఏం రాకూడదో నిర్ణయించాల్సింది ఎవరు అని అడిగారు. ఆ ప్రశ్న అడగడం నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. ఈ వ్యాసంలో అడుగుతున్నదీ దానికి దగ్గరి ప్రశ్నే: ఏది మంచిదో నిర్ణయించాల్సింది ఎవరు?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. తెలంగాణ పల్లెల్లో పొలంపని చేసొచ్చిన ఆడవాళ్లు కల్లు తాగడం వింతా కాదు, రహస్యమూ కాదు. బోనాల్లో అమ్మవారికి సాకపోయడానికి కల్లు ఉండాల్సిందే. తాగే ఆడదాన్ని చూసి మొహం తిప్పుకునే మర్యాద పైకులాల ఇళ్లది. నేను పుట్టిన ఇల్లు అలాంటిదే. ఆ ఇళ్లే ఇప్పుడు సారా అంటే రోత, వైనంటే సంస్కారం అంటున్నాయి. ఆ మాట నేను ఒప్పుకోను. రెండింట్లోనూ ఉన్నది ఒకే ఆల్కహాలు. ద్రాక్ష గొప్పతనం కాలేయానికి తెలియదు. కాబట్టి వైను తాగమని నేనెవరికీ చెప్పడం లేదు. తాగడం కంటే కొనడం గురించే నేను చెప్పదలచుకున్నది.

ఆరేళ్లపాటు బోర్డో నగరంలో పాఠాలు చెప్పుకుంటూ బతికాను. ఇప్పటికీ ఏడాదికో రెండేళ్లకో వెళ్తుంటాను. అక్కడ వైను దుకాణానికి ఒక సహోద్యోగితో కలిసి వెళ్తే అమ్మేవాడు అతనితోనే మాట్లాడేవాడు. రుచి చూడమని అతని గ్లాసులోనే పోసేవాడు. డబ్బు నేను ఇస్తున్నా చిల్లర అతని వైపు చాచేవాడు. ఫ్రాన్సులో పెద్ద భోజనశాలల్లో ఒకప్పుడు ఆడవాళ్ల చేతికిచ్చే కార్డు మీద ధరలు ఉండేవి కావు. ధర తెలియాల్సిన అవసరం ఆమెకు లేదనీ, ఆమె పని తినడమేననీ అనుకునేవాళ్లు. ధర చూసి, రుచి చూసి, వద్దనో కావాలనో చెప్పడం వేరొకరి పని. నేను ఒంటరిగా దుకాణాలకు వెళ్లడం మొదలుపెట్టింది అందుకే. వెళ్లగా వెళ్లగా అర్థమైంది, అక్కడి గొప్ప పేర్ల కథ కూడా మనింటి కథ లాంటిదేనని.

బోర్డో వైన్ల గురించి ఎవరిని కదిపినా ముందొచ్చే మాట 1855. ఆ ఏడాది పారిస్ అంతర్జాతీయ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ ప్రభుత్వం వైన్ల జాబితా కోరింది. బోర్డో వాణిజ్యమండలి ఆ పనిని దళారులకు అప్పగించింది. వాళ్లు ఏప్రిల్ 18న జాబితా రాసిచ్చారు. తోటలు తిరిగి మట్టి చూడలేదు, వరసగా గ్లాసులు పెట్టుకుని రుచీ చూడలేదు. అంతవరకూ ఏ ఎస్టేటు సరుకు ఏ ధరకు పోతూ వచ్చిందో తమ లెక్కల్లో చూసి ఎర్ర వైన్లను ఐదు తరగతులు చేశారు. గ్రావ్ ప్రాంతం నుంచి ఒక్కటి తప్పిస్తే అన్నీ మెడాక్ ప్రాంతానివే. నదికి కుడి ఒడ్డునున్న ఊళ్ల ఊసే లేదు. ఈ 170 ఏళ్లలో తరగతి పెరిగినది ఒకే ఒక్క ఎస్టేటు. 1973లో మూతోన్ రోత్‌షీల్డ్ రెండో తరగతి నుంచి మొదటి తరగతికి వచ్చింది. ఇప్పుడు ఆ జాబితాలో 61 ఎర్ర వైను ఎస్టేట్లున్నాయి. ప్రపంచమంతా బోర్డో అంటే అవే అనుకుంటుంది.

ఆ జాబితాలో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. హోదా ఇచ్చింది ఎస్టేటు పేరుకు. నేలకు కాదు. పేరున్న ఎస్టేటు తన పరిధిలోనే పక్కవాళ్ల తోటలో ఒక ముక్క కొనుక్కుంటే, నిన్నటిదాకా ఏ హోదా లేని ఆ తీగలు ఇవాళ్టి నుంచి గొప్పింటివైపోతాయి. గొప్పింటివాళ్లు ఒక ముక్క అమ్మేసుకుంటే ఆ తీగల హోదా పోతుంది. మనకిది కొత్త కాదు. పెళ్లిపీటల మీద కూర్చున్న పిల్ల లేచేసరికి గోత్రం మారిపోతుంది, ఇంటిపేరు మారిపోతుంది. మట్టి అదే, వేరు అదే, తగిలే ఎండ అదే. పిలిచే పేరు మారింది, ధర ఆ పేరుకు.

బోర్డోలో ద్రాక్ష రైతులు వేలమంది. ఏ జాబితాలోనూ లేని వాళ్ల సీసా మీద కూడా 'షాతో' అనే ఉంటుంది. షాతో అంటే కోట. అయితే సీసా మీద ఆ మాటకు సొంత తోట ద్రాక్షతో చేసిన వైను అని మాత్రమే అర్థం. ఒక పెంకుటిల్లు, పక్కన ఒక రేకుల షెడ్డు ఉన్నా అది షాతోయే. నేను కొనేవి అలాంటివి. ఎనిమిది యూరోల నుంచి పదిహేను దాకా ఉంటాయి. పేరుమోసిన మొదటి తరగతి వైను ఒక్క సీసా డబ్బుతో వీటిని రెండేళ్లు కొనుక్కోవచ్చు. సీసాలోకెక్కి రెండు మూడేళ్లయిన లేత వైన్లనే కొంటాను. పెద్ద పేర్లవి పదేళ్లు, ఇరవయ్యేళ్లు దాచాలంటారు. దాచడానికి నేలమాళిగ కావాలి, తీరిక కావాలి, ఆస్తి తరతరాలకు అందుతుందనే ధీమా కావాలి. ఆ మూడూ నా దగ్గర లేవు. చిన్న ఎస్టేట్ల వైను మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్లలోపు బాగుంటుంది. ఉద్యోగం చేసుకునే మనిషి ఆశించదగ్గ కాలమది.

పాతబడితేనే గొప్ప అన్న నమ్మకం కూడా అనాదిగా ఉన్నదేం కాదు. బోర్డో వైను సముద్రం దాటడం ఒక ఆడపిల్ల పుట్టింటి ఆస్తి వల్ల జోరందుకుంది. అక్వితేన్ రాజ్యానికి వారసురాలైన ఏలియనోర్‌కు 1137లో బోర్డోలోనే ఫ్రాన్సు యువరాజుతో పెళ్లయింది. 1152లో ఆ పెళ్లి రద్దయింది. అదే ఏడాది ఆమె హెన్రీని చేసుకుంది. రెండేళ్లకు అతను ఇంగ్లండుకు రాజయ్యాడు. ఆమెతోపాటు ఆమె నేల కూడా ఇంగ్లండు కిందకు వెళ్లి మూడొందల ఏళ్లు ఉండిపోయింది. అన్నేళ్లూ ఓడలు వైను పీపాలు మోశాయి. ఆమెను మాత్రం, కొడుకుల తిరుగుబాటుకు అండగా నిలిచిందని, 1173 నుంచి 1189లో తాను చనిపోయేదాకా భర్త నిర్బంధంలోనే ఉంచాడు. ఆ ఓడల్లో వెళ్లింది ఆ ఏడాది కోసిన ద్రాక్ష వైనే. పీపాల్లో నిలవ ఉంటే పులిసిపోయేది కాబట్టి కొత్త వైను రేవుకు రాగానే పాతదాని ధర పడిపోయేది. గట్టి గాజుసీసా, కార్కు బిరడా వాడుకలోకి వచ్చాక గాని పాత వైను గొప్పదనే మాట పుట్టలేదు. సంప్రదాయం పేరుతో మన మీద రుద్దేవాటిలో చాలావాటి వయసు లెక్క చూస్తే ఇలాగే తేలుతుంది.

లేత వైనును ఎలా ఎంచుకోవాలి? ఇక్కడే నాకు మన భాష ఉపయోగపడింది. లేత ఎర్ర బోర్డో నోట్లో పోసుకుంటే బలంగా తగిలేది వగరు. ఫ్రెంచివాళ్లు దానికి టానిన్ అనే మాట వాడతారు. తోళ్లు పదును చేసే పని నుంచి వచ్చిన మాట అది. మనకైతే వగరు షడ్రుచుల్లో ఒకటి. ఉగాది నాడు పసిపిల్ల నాలుకకు కూడా దాన్ని రాస్తాం. జామపిందె వగరు వేరు, నేరేడుపండు వగరు వేరు, వక్క వగరు వేరు. ఈ తేడా ఏ పుస్తకమూ చదవకుండానే మనకు తెలుసు. పండని ద్రాక్షతో చేసిన వైనులో ఉండేది జామపిందె వగరు. నాలుకను పట్టేసి, పచ్చివాసన మిగిల్చి పోతుంది. పండిన ద్రాక్షదైతే నేరేడుపండు వగరు. ముందు రసం, తర్వాత పుల్లదనం, చివర నోరు కాస్త ఆరడం, ఆ వెంటనే ఇంకో పండు తినాలనిపించడం. కొత్త ఓక్ పీపాల్లో ఎక్కువకాలం ఉంచినదానిలో వక్క వగరు తగులుతుంది, చెక్కను కొరికినట్టు. లేత వైను కొనే ముందు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ వగరు పిందెదా, పండుదా? పండు వగరు రెండు మూడేళ్లలో మెత్తబడుతుంది. పిందె వగరును ఎన్నేళ్లు దాచినా పండదు.

ఈ సంగతి నా నాలుక నాకు చెప్పింది. అయితే నాలుకను నమ్మడం నాకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మా ఇళ్లలో ఆడదాని నాలుక ఉప్పు చూడ్డానికే పనికొచ్చేది. నైవేద్యానికి వండేటప్పుడు ఆ ఉప్పు కూడా చూడకూడదు. మా అమ్మమ్మ వాసన పట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది. అందరూ దాన్ని ఆమె నేర్పుగా చెప్పుకునేవాళ్లు. వడ్డించాక "ఎలా ఉంది?" అని ఇంటిల్లిపాదినీ ఆమె అడిగేది. నీకెలా ఉంది అని ఆమెను అడిగినవాళ్లను నేను చూడలేదు. అన్నేళ్లు వండిన మనిషికి ఏ కూర ఇష్టమో ఇంట్లో ఎవరికీ తెలియదు. రుచి తయారుచేసే పని ఒకరిది, తీర్పు చెప్పే హక్కు ఇంకొకరిది. వైను దుకాణంలో గ్లాసు మగవాడి చేతికి ఇవ్వడం వెనకున్నది ఇదే పద్ధతి.

తీర్పు చెప్పే భాష కూడా అలాగే తయారైంది. మార్గో ఊరి వైన్లు సుకుమారం కాబట్టి స్త్రీలట. పొయాక్ ఊరివి దృఢం కాబట్టి పురుషులట. ఈ మాటలు వైను పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. తెలుగులో స్త్రీల కథలను "సున్నితంగా ఉన్నాయి" అని మెచ్చుకున్న సమీక్షలు చదువుతూ పెరిగినవాళ్లం కాబట్టి ఆ మెప్పులో ఎంత కొలిచి పోస్తారో మనకు తెలుసు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో వైను విభాగానికి 1974లో వెళ్లిన ఆన్ నోబుల్ అక్కడ తొలి మహిళా అధ్యాపకురాలు. ఆమె 1980లలో వాసనల చక్రం ఒకటి తయారుచేసింది. గొప్ప, ఉదాత్తం, స్త్రీత్వం లాంటి మాటలకు అందులో చోటు లేదు. మిరియం, క్యాప్సికం, పొగాకు లాంటి వాసనలున్నాయి. వంటగదిలోనూ పెరట్లోనూ తిరిగిన ఏ మనిషైనా పట్టుకోగల మాటలవి. ఆ చక్రం చూసినప్పుడు, మిగతావాళ్లు చెప్తే విని తలూపాల్సిన అవసరం తీరిపోయినట్టనిపించింది.

నేను కొనే పద్ధతి చెప్తాను. ముందు ఒక్క సీసా కొంటాను. సగం తాగి, మూత బిగించి ఉంచుతాను. మర్నాడు మిగతా సగం రుచి చూస్తాను. గాలి తగిలాక కూడా పండు రుచి నిలబడి వగరు తగ్గితే ఆ వైను ఇంకో నాలుగేళ్లుంటుంది, వెళ్లి ఆరు సీసాలు తెచ్చుకుంటాను. నీరుగారిపోతే ఆ ఒక్క సీసాతో సరి. కోతయిన మరుసటి వసంతంలో, వైను ఇంకా పీపాల్లో ఉండగానే డబ్బు కట్టించుకునే పద్ధతి కూడా ఉంది. పెద్ద పేర్ల వ్యాపారం అలా నడుస్తుంది. చిన్నవాటికి అంత తొందర అక్కర్లేదు, రుచి చూశాకే డబ్బు తియ్యొచ్చు. ఏ ఏడాదిదన్నది మాత్రం చూడాలి. డబ్బున్న ఎస్టేట్లు పాడైన గెలలు ఏరి పారేయగలవు. చిన్నవాళ్లకు ఆ స్తోమత ఉండదు. 2013 చల్లగా తడిగా గడిచింది. 2017లోనూ 2021లోనూ ఏప్రిల్ మంచు చిగుళ్లను మాడ్చేసింది. అలాంటి ఏళ్లవి ఆచితూచి కొనాలి. 2016, 2018, 2019, 2020, 2022 లాంటి ఏళ్లలో ద్రాక్ష బాగా పండింది కాబట్టి పేరులేని ఎస్టేట్లే పేరున్నవాటి పక్కన నిలబడతాయి. భోజనంతో తాగేటట్టయితే కారం తగ్గించుకోవాలి. కారం పక్కన వగరు ఇంకా మండుతుంది.

ఎక్కడివి కొనాలంటే, నేను ముందు కాస్తియోన్ వైపు చూస్తాను. ఏలియనోర్ నేల మీద ఇంగ్లండు పట్టు తెగిపోయిన 1453 యుద్ధం అక్కడే జరిగింది. పేరుమోసిన సాంతెమిలియోన్ సున్నపురాయి దిబ్బ ఊరి పొలిమేర దగ్గర ఆగిపోదు, తూర్పుగా కాస్తియోన్‌లోకి సాగుతుంది. ధర మాత్రం పొలిమేర దగ్గర దిగిపోతుంది. పశ్చిమాన ఫ్రోన్సాక్ కొండలు, ఇంకా ముందుకు నీటి ఒడ్డున కోత్ ద బూర్. అక్కడ మాల్బెక్ ద్రాక్ష మిగతా చోట్లకంటే ఎక్కువ వేస్తారు, వైనుకు మిరియపు ఘాటు వస్తుంది. అక్కడి షాతో ఫాల్ఫాస్‌లో రసాయనాలు లేని బయోడైనమిక్ సేద్యాన్ని నిలబెట్టిన వెరోనిక్ కోక్రన్, ఆ సేద్యాన్ని ఫ్రాన్సు రైతులకు నేర్పిన ఫ్రాన్స్వా బూషే కూతురు. రెండు నదుల మధ్య లాసోవ్‌లో షాతో తియలేను తండ్రి తర్వాత కూతుళ్లు మరీ, సిల్వీ కూర్సెల్ అందుకున్నారు.

కూతుళ్లు తోట అందుకోవడం మనకు విశేషంగా కనబడుతుంది. ఫ్రాన్సులో 1804 నాటి పౌరస్మృతే కొడుకులకూ కూతుళ్లకూ సమానవాటా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు 1985లో వచ్చింది, దేశమంతటికీ 2005లో. అయితే ఆ పౌరస్మృతే పెళ్లయిన స్త్రీని మైనరును చేసింది. ఆస్తి పుట్టింటి నుంచి వచ్చేది, పెత్తనం మొగుడి చేతికి పోయేది. 1965 జులై చట్టం వచ్చేదాకా మొగుడి అనుమతి లేకుండా ఆమె ఉద్యోగం చేయడానికి, బ్యాంకు ఖాతా తెరవడానికి వీల్లేదు. విధవకు మాత్రం ఆ అడ్డు లేదు. వైను చరిత్రలో విధవలు అంతమంది కనబడటానికి కారణం అదే. మొగుడు పోతేగాని మనిషిగా లెక్కలోకి రాని చట్టం అది.

ఆస్తిలేని స్త్రీల సంగతి ఏ సీసా మీదా ఉండదు. మెడాక్ ఎస్టేట్లలో తోటపనిని కుటుంబానికి గుత్తకిచ్చేవాళ్లు. ఒప్పందం మగవాడి పేరు మీద ఉండేది. చలికాలంలో కొమ్మలు కత్తిరించే నైపుణ్యం అతనిది. కత్తిరించిన కొమ్మలను తీగల మధ్య నుంచి లాగి కట్టలు కట్టడం, మిగిలిన తీగను వెదురుబద్దలాంటి విల్లో పుల్లతో కట్టడం భార్య పని. గుత్తలో ఆమె పని కలిసే ఉండేది, ఆమె పేరు ఉండేది కాదు. సొంత తోటలున్న రైతుల భార్యలదీ దగ్గరదగ్గర అదే గతి. తోటలో, షెడ్డులో, లెక్కల పుస్తకం ముందు జీవితమంతా పనిచేసి కాగితాల మీద "వృత్తి ఏమీ లేదు" అనిపించుకున్నారు. వాళ్లను సేద్యంలో భాగస్వాములుగా గుర్తించే హోదా 1999 చట్టంతో వచ్చింది. మన జనాభా లెక్కల్లో గృహిణి అని రాయించుకున్న రైతు స్త్రీలు గుర్తుకొస్తే అది నా తప్పు కాదు. ఫ్రాన్సులో సీసా మూత మీద ఉండే గుండ్రటి బిళ్లపై మరియాన్ బొమ్మ ఉంటుంది. మరియాన్ ఆ రిపబ్లిక్కుకు గుర్తు, ఆడమనిషి. ఆ బొమ్మ చుట్టూ ఉన్న 'ఆర్' అక్షరం ద్రాక్ష పండించినవాళ్లే సీసాకెత్తారని చెప్తుంది. 'ఎన్' ఉంటే వర్తకుడు ఎత్తాడని. 2019 నుంచి ఆ బిళ్ల తప్పనిసరి కాదు గాని ఉన్నచోట నేను 'ఆర్' వెతుక్కుంటాను. ఆడబొమ్మను ముద్ర చేసుకున్న ఆ దేశంలో ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేసింది 1945లో అని కూడా ప్రతిసారీ గుర్తొస్తుంది.

చిన్న ఎస్టేటు అయినంత మాత్రాన మంచిదని నేను అనడం లేదు. చిన్న కమతంలోనూ కాంట్రాక్టు కూలీలుంటారు, మందులు కొడతారు. వాలెరీ మురా అనే ఆమె తండ్రి ద్రాక్ష రైతు. ఫ్రాన్సు 2001లో నిషేధించిన సోడియం ఆర్సెనైటును ఏళ్ల తరబడి చల్లి, ఊపిరితిత్తుల క్యాన్సరుతో 2012లో చనిపోయాడు. దాన్ని వృత్తిరోగంగా గుర్తించారు. ఆమె పురుగుమందుల మీద ప్రచారం మొదలుపెట్టింది. పర్యావరణ ముద్ర ఉన్న వైన్లను పరీక్ష చేయించి వాటిలో మందుల అవశేషాలున్నాయని ప్రకటించింది. బోర్డో వైన్ల పేరు చెడగొట్టిందని లిబూర్న్ కోర్టు 2021 ఫిబ్రవరిలో ఆమెకూ ఆమె సంఘానికీ 1,25,000 యూరోల పరిహారం విధించింది. పేరుకు విలువ కట్టే లోకంలో పేరు చెడగొట్టడం ఎంత పెద్ద నేరమో చూడండి. అప్పటి నుంచి తోటకు వెళ్లినప్పుడు ఏం చల్లుతారు, ఎవరు చల్లుతారు, కత్తిరించేవాళ్లు ఎక్కడివాళ్లు అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు తోటలోకి తీసుకెళ్లి చూపిస్తారు.

అడగడానికి కూడా ఎన్నాళ్లు మిగులుతారో తెలియని స్థితి వచ్చింది. బోర్డోలో విడివైనును 900 లీటర్ల లెక్కన అమ్ముతారు. ఆ 900 లీటర్ల ధర ఈ మధ్య వెయ్యి యూరోల కిందికి పడింది. అంటే 1,200 సీసాలకు సరిపడే వైను. సీసాకు యూరో కూడా రాదు, సేద్యం ఖర్చుకు చాలదు. 2023లో 9,500 హెక్టార్ల దాకా తోటలు పీకేయడానికి పథకం పెట్టి హెక్టారుకు 6,000 యూరోలు ఇస్తామన్నారు.  పోయినవాటిలో ఎక్కువ పేరులేనివే. పత్తికి ధర లేక అప్పులపాలైన కుటుంబాలను, రైతు పోయాక పట్టా తన పేరు మీద లేక పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన భార్యలను చూసినవాళ్లం మనం. అక్కడి రైతుకు ఉన్న ఆసరా ఇక్కడి రైతుకు లేదు, రెండూ ఒకటని అనను. పండించినవాళ్ల చేతికి ధర నిర్ణయించే హక్కు లేకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే. నేను కొనే ఆరు సీసాలతో ఏ తోటా నిలబడదు. కానీ తోటకు వెళ్లి నేరుగా కొన్నప్పుడు సీసాకు ఇచ్చే పది యూరోలు ఎవరి చేతిలో పడుతున్నాయో నాకు తెలుస్తుంది. చీరకూ బంగారానికీ ఎంత పెట్టినా అడగనివాళ్లు ఈ పదియూరోలకు లెక్క అడుగుతారు. చీర నలుగురు చూడ్డానికి, బంగారం ఇంటికి. ఇది నా నాలుకకు.

ఈ చిన్న ఎస్టేట్ల వైనులో ఎక్కువగా ఉండేది మెర్లో. బోర్డో ఎర్ర ద్రాక్షలో సగానికి పైగా అదే. ఎంతో కాలం దాని పుట్టుక ఎవరికీ తెలియదు. జన్యు పరీక్షలు మొదలయ్యాక ఒక పక్క కాబర్నే ఫ్రాన్ అని తేలింది. అది పేరున్న ద్రాక్ష, కాబర్నే సోవిన్యోన్‌కు కూడా జన్మనిచ్చింది అదే. రెండో పక్క ఎవరన్నది తెలియలేదు. 1990లలో బ్రిటనీ తీరాన ఒక పల్లెలో ఎవరూ పట్టించుకోని ఒక పాత తీగ పరిశోధకులకు దొరికింది. తర్వాత షరాంత్ ప్రాంతపు పల్లెల్లో ఇళ్ల గుమ్మాల పక్కన అదే రకం తీగలు ఇంకొన్ని కనబడ్డాయి. అవి ఏ పరిశోధనశాల తోటలోనూ లేవు, ఏ జాబితాలోనూ లేవు. వాటి పండు జులై 22న వచ్చే మాద్‌లేన్ పండుగ నాటికి పక్వానికొస్తుందని ఊరివాళ్లు మాద్‌లేన్ ద్రాక్ష అని పిలుచుకునేవాళ్లు. 2009లో పరిశోధకులు అది మెర్లో తల్లి అని ప్రకటించి, మాద్‌లేన్ న్వార్ దే షరాంత్ అని పుస్తకాల్లోకి ఎక్కించారు. మాల్బెక్‌కు కూడా తల్లి అదే. బోర్డో తోటలన్నీ దాని పిల్లలతో నిండిపోయాయి. అది మాత్రం ఇన్ని వందల ఏళ్లూ కొన్ని పల్లెల్లో గుమ్మాల పక్కన, ఎండాకాలం పిల్లలు కోసుకు తినే పండుగా ఉండిపోయింది. గుమ్మం ఊడ్చుకుంటూ దానికి ఇన్ని నీళ్లు పోసి ఎవరో బతికించుకున్నారు.